పన్నెండు నెలలు, పన్నెండు పేర్లు

నగరంలో కళ గురించి మాట్లాడేవాళ్లకు ఆదివాసీ ఏడాదిలో రెండుసార్లు గుర్తొస్తాడు. ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి ఒకసారి. నవంబర్ 15న బిర్సా ముండా జయంతికి ఇంకొకసారి. 2021 నుంచి దాన్ని జనజాతీయ గౌరవ దినంగా జరుపుతున్నారు. ఆ రెండు రోజులూ డోళ్లు కావాలి, కొమ్ముల కిరీటాలు కావాలి, నెమలి ఈకల టోపీలు కావాలి. వేదిక ముందు మనవాళ్లు ఆడాలి, వేదిక మీద వేరేవాళ్లు మాట్లాడాలి. తెల్లారితే ఎవరి గోడలు వాళ్లవే.

మనకు మూడో దినోత్సవం అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఒక చిన్న గది కావాలి. అందులో ఏడాదికి పన్నెండు ప్రదర్శనలు జరగాలి. ఒక్కో నెల ఒక్కో ఆదివాసీ కళాకారుడిదో, కళాకారిణిదో కావాలి. తలుపు పక్కన వాళ్ల పేరు రాసి ఉండాలి.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. భోపాల్‌లో 2013లో మధ్యప్రదేశ్ జనజాతీయ సంగ్రహాలయం తెరిచారు. అందులో లిఖందరా అనే చిన్న ప్రదర్శనశాల ఉంది. అక్కడ 'శలాకా' పేరుతో నెలకొక ఆదివాసీ చిత్రకారుడి బొమ్మలు ప్రదర్శనకూ అమ్మకానికీ పెడుతున్నారు. ఈ నెల ఒక గోండు, వచ్చే నెల ఒక భీలు. గోండు కళ, భీలు కళ అని ఒక మాటలో సరిపెట్టరు. ఆ మనిషి పేరు రాస్తారు. అక్కడ ప్రభుత్వం చేయగలిగిన పని ఇక్కడ ఎందుకు చేతకాదు?

గదులు లేక కాదు. నేను బోరబండలో అద్దెకుంటాను. మన జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఈ బస్తీల్లో ఉన్నారు. వాచ్‌మన్లు, కట్టుబడి కూలీలు, ఇళ్లల్లో అంట్లు తోమే అక్కలు. బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. ఆ పక్కనే మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, శిల్పారామం ఉన్నాయి. ఇటు యూసుఫ్‌గూడ దాటితే జూబ్లీహిల్స్, బంజారాహిల్స్‌లో ప్రైవేటు గ్యాలరీలు. మాసబ్ ట్యాంక్‌లో మన పేరు మీదే నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది. లంబాడీలతో మనకు రిజర్వేషన్ల దగ్గర పేచీ ఉంది, దాన్ని వేరే చోట తేల్చుకుందాం. కానీ బంజారా అనే జాతి పేరు గుట్టకు పెట్టుకుని, ఆ గుట్ట మీది గ్యాలరీల్లో ఆ జాతి ఆడబిడ్డ కుట్టిన అద్దాల రవికెకు ఆమె పేరు రాయకపోతే అడగాల్సిన బాధ్యత మనందరిదీ.

ఒక ప్రదర్శనకు మా బడి పిల్లల్ని తీసుకెళ్లాను. ముందు గదిలో నగర చిత్రకారుల బొమ్మలు. ప్రతిదాని కింద గీసినవారి పేరు, పుట్టిన సంవత్సరం, బొమ్మ పేరు ఉన్నాయి. వెనక గదిలో మనవి. వాటి కింద 'ఇత్తడి, గిరిజన, ఆదిలాబాద్' అని మూడే మాటలు. ఆరో తరగతి పిల్ల అడిగింది: "సార్, ఇవి చేసినోళ్లకు పేర్లు లేవా?" గిరిజన విద్య మీద ఎన్ని కమిటీలు వేసినా ఇంతకన్నా మంచి ప్రశ్న రాదు.

జవాబుగా పెద్దలు చెప్పే మాట ఒకటుంది. మీది సామూహిక కళ, ఒక్కరి పేరు ఎట్లా రాస్తాం అంటారు. కథ సమూహానిదే, ఒప్పుకుంటాను. చెయ్యి మాత్రం ఒక మనిషిది. జైనూర్ మండలం ఉషేగావ్‌లో గోండుల కోసం ఇత్తడి పోతపోసే ఓజ కుటుంబాల పనినే చూడండి. మట్టి ముద్ద మీద మైనం తీగలతో రూపం అల్లుతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. అందుకే ఒక అచ్చుకు ఒకే బొమ్మ. అచ్చం అలాంటిది ఇంకోటి ఉండదు. నగర చిత్రకారుడు ఒకే రేకు మీద నుంచి యాభై ప్రింట్లు తీసి యాభైటి మీదా సంతకం పెడితే అది కళ. లోకంలో రెండోది లేని బొమ్మ చేసిన మనిషికి సంతకం లేదు, అది హస్తకళ. హస్తకళ అన్నారంటే బేరం మొదలైందని అర్థం.

2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ ఆ గుర్తింపు జిల్లాకు వచ్చింది, చేసిన మనిషి పేరు అందులోనూ లేదు. డోక్రా అన్న మాట కూడా మనది కాదు, బెంగాల్‌లో పోతపని చేసే ఒక తెగ పేరు.

ఇంకొందరు అంటారు: ముందు మీ కళకు ఆ స్థాయి రావాలి కదా అని. వాళ్లకు భోపాల్ కథే చెప్పాలి. 1982లో అక్కడ భారత్ భవన్ తెరిచారు. దాని కట్టుబడిలో కూలి పనిచేసిన భీలు యువతి భూరీబాయి. చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆమె చేతికి రంగులిచ్చాడు. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అదే స్వామినాథన్ మనుషులకు పాటన్‌గఢ్ గ్రామంలో కనిపించిన యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్, ప్రధాన్ తెగవాడు. మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయిస్తూ గోండుల కథలు పాడే ప్రధానులకు అన్నదమ్ములవాడే. 1989లో అతని బొమ్మలు పారిస్‌లో పెద్ద ప్రదర్శనకు వెళ్లాయి. స్థాయి గోడ ఎక్కాక బయటపడింది. గోడ ఇవ్వకుండా స్థాయి అడిగితే ఎలా? మాదాపూర్‌లో మేడలకు ఇటుకలు మోస్తున్నవాళ్లలో ఎంతమంది భూరీబాయిలున్నారో ఎవరు చూశారు?

జన్‌గఢ్ కథ అక్కడితో అయిపోలేదు. 2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో ఉండి బొమ్మలు గీస్తూ, నలభై ఏళ్లు నిండకుండానే అక్కడే ఆత్మహత్య చేసుకున్నాడు. కాబట్టి పేరు ఒక్కటే సరిపోదు. ఎన్ని రోజులు పని, ఎంత డబ్బు, ఎప్పుడు ఇంటికి రావచ్చు అన్నవి ముందే మన భాషలో కాగితం మీద ఉండాలి. ఆ కాగితం చదివి చెప్పే మనవాడు పక్కన ఉండాలి.

మన లోపలి నుంచి వచ్చే అభ్యంతరం కూడా ఉంది. పడిగెలు, వేల్పుల వస్తువులు గోడకు వేలాడదీసే అలంకారాలు కావని పెద్దలు అంటారు. నేను పెద్దల వైపే. కోయల పడిగె గుడ్డ మీద ఆ గట్టు పుట్టుక, ఇలవేల్పుల కథ ఉంటాయి. దాన్ని చూసి పాడే మనిషి లేకపోతే అది రంగుల గుడ్డ. మణుగూరు దగ్గరి కూనవరం సకిని రామచంద్రయ్య అట్లా పాడినవాడు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2025లో పోయాడు. గుస్సాడీ నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో పోయాడు. బిరుదులు వచ్చేసరికి వాళ్లు ముసలివాళ్లు. గుడ్డను అద్దాల పెట్టెలో దాచుకున్నారు, గొంతుకు నెలజీతం మాత్రం పెట్టలేదు. అందుకే నా మాట స్పష్టంగా చెబుతున్నాను. వేల్పుల వస్తువు గుడి దాటాలా వద్దా అన్నది ఆ గట్టు వాళ్లే తేల్చాలి. మన గదిలో బతికున్నవాళ్లు ఇప్పుడు చేస్తున్న పని పెడదాం.

ఇంకో సంగతి. మ్యూజియంలో విల్లు కళ, అడవిలో విల్లు కేసు. తేనెమైనానికి, వెదురుకు, చెట్టు రంగుకు వెళ్లే దారి మూసేసి, వాటితో చేసిన బొమ్మకు దీపాలు పెట్టడం ఏ రకం గౌరవం?

కావలసినవి నాలుగు. చేసినవారి పేరు, ఊరు, తెగ ప్రతి వస్తువు కింద తెలుగులోనూ వాళ్ల భాషలోనూ ఉండాలి. కళాకారులకు రానుపోను ఖర్చు, రోజు భత్యం, అమ్మకంలో పెద్ద వాటా ఇవ్వాలి. ఏది పెట్టాలో ఎంచే కమిటీలో సగానికి పైగా ఆదివాసీలుండాలి. ఏడాది పట్టిక మన పండుగల ప్రకారం సాగాలి. పుష్యంలో కేస్లాపూర్ నాగోబా, మాఘంలో మేడారం, వానల ముందు విత్తనాల పండుగ, దీపావళికి దండారి. అప్పుడు చూడవచ్చినవాళ్లకు మన కళతో పాటు మన కాలం కూడా తెలుస్తుంది.

టీచర్ మిత్రులారా, తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించాలని మనం డి.ఎడ్.లో చదువుకున్నాం. మన పిల్లలకు తెలిసినది అమ్మమ్మ అల్లిన బుట్ట, తాత చెక్కిన డోలు. ఆ సూత్రం మనకు కొత్త కాదు. 1943లోనే మార్లవాయిలో గోండులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు రాశారు. ఆ పని మధ్యలో ఆగింది. మళ్లీ మొదలుపెట్టడానికి జీవో కోసం ఎదురుచూడక్కర్లేదు.

యువ మిత్రులారా, ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకుపోండి. ఊళ్లో చేతిపని తెలిసిన ప్రతి మనిషి పేరు, ఏం చేస్తారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి. వాళ్లను అడిగి, ఒప్పుకుంటే ఫొటో తీయండి. ఊరికి పది పేర్లు వచ్చినా ఒక మండలానికి ఎన్ని ఏళ్ల ప్రదర్శనలో లెక్క వేయండి. ఆ పట్టికతో వెళ్లి గది అడుగుదాం. కళాకారులెక్కడున్నారని వాళ్లు అడిగేలోపే మన దగ్గర పేర్లుండాలి.