మేనేజర్లు మారినా నేల మీదే బంతి

పోయిన నెల చింతకాయ పచ్చడి గురించి రాసిన మనిషి ఈ నెల ఫుట్‌బాల్ గురించి రాస్తోందేమిటని మీలో కొందరు నవ్వుకుంటారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి, కారణం ఉంది.

ఆగస్టులో మేం స్వాన్సీ వదిలి వెళ్ళిపోతున్నాం. మా ఆయన ఉద్యోగం లీడ్స్‌కి మారింది. ఇల్లు సర్దడం, పిల్లాడి బడి, ఇవన్నీ ఎలాగో అయిపోతాయి. నాకు నిద్ర పట్టకుండా చేస్తున్నది మాత్రం ఆదివారం తెలుగు క్లాసు. ఆరేళ్ళ కిందట నలుగురు పిల్లలతో మా ముందుగదిలో మొదలుపెట్టాం. ఇప్పుడు పంతొమ్మిది మంది వస్తున్నారు. మొదటి రోజు నుంచీ మాది ఒకటే పద్ధతి. ముందు మాట, తర్వాతే అక్షరం. ఏడాదిపాటు పలక ముట్టుకోం. కథలు చెప్పుకోవడం, కూరగాయల కొట్టు ఆట, అమ్మమ్మకి ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్నలు, ఇంతే.

నా తర్వాత క్లాసు చూసుకోవడానికి ఒకావిడ ఒప్పుకున్నారు. ఊళ్ళో పదేళ్ళు టీచరుగా చేశారు. నాకంటే చదువు ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ. కలిసిన పది నిమిషాల్లోనే అడిగారు: "ఓనమాలు దిద్దించకుండా ఏడాది పొడుగునా ఏం చేస్తారండీ?"

ఆ దిగులుతో పెరట్లో బట్టలు ఆరేస్తుంటే పక్కింటి తాతగారు పలకరించారు. దక్షిణ వేల్స్‌లో తాతని 'తాద్‌కీ' అంటారు. మావాడు రెండేళ్ళప్పుడు దాన్ని 'తాతకీ' చేసేశాడు, ఆయనకి మా ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది. డెబ్బై దాటినా స్వాన్సీ సిటీ సీజన్ టికెట్ మాత్రం వదలరు. నా గోడంతా విని, "ఓస్, మేనేజర్ మారుతున్నాడు, అంతేగా? మా వాళ్ళు నలుగుర్ని మార్చి కూడా ఒకే ఆట ఆడారు" అన్నారు. ఆ సాయంత్రం టీ రెండుసార్లు కాచాను. ఆయన చెప్పింది కొంత, నేను తర్వాత కూర్చుని చదువుకున్నది కొంత, కలిపి రాస్తున్నాను.

నేను పెళ్ళై ఈ ఊళ్ళో దిగింది 2013 మార్చిలో. స్వాన్సీ లీగ్ కప్ గెలిచి వారమే అయింది. ఫైనల్లో బ్రాడ్‌ఫర్డ్ మీద 5-0. ఊరంతా తెల్లచొక్కాలే. అప్పటికి పదేళ్ళ ముందు, అంటే 2003లో, ఇదే జట్టు నాలుగో డివిజన్ అట్టడుగున ఉంది. లీగ్‌లో నిలవాలంటే ఆఖరి రోజు హల్ సిటీ మీద గెలవాలి. 4-2తో గెలిచి బతికింది. ఆ జట్టులో ఇద్దరు ఉన్నారు, వాళ్ళని గుర్తుపెట్టుకోండి. ఒకడు కాటలోనియా నుంచి వచ్చిన రొబెర్టో మార్టినెజ్. రెండోవాడు లియాన్ బ్రిటన్, లండన్ కుర్రాడు, బాగా పొట్టి. వెస్ట్‌హామ్‌లో చోటు దొరక్క ఇక్కడికి వచ్చాడు.

2007లో మార్టినెజ్ మేనేజర్‌గా తిరిగి వచ్చాడు. అప్పటిదాకా మూడో డివిజన్ అంటే గోల్‌కీపర్ బంతిని ఆకాశానికి తన్నడం, పొడుగాటి వాళ్ళు తలతో కొట్టుకోవడం. ఇతను గోల్‌కీపర్‌ని పక్కనున్న డిఫెండర్‌కి ఇమ్మన్నాడు. అతను ఇంకొకరికి, అక్కణ్ణుంచి మధ్యలో ఉన్న బ్రిటన్‌కి. బంతి నేల మీదే నడవాలి. చూడ్డానికి అందంగా ఉంటుందని కాదు, దాంట్లో చాలా మామూలు లెక్క ఉంది. బంతి మన దగ్గర ఉన్నంతసేపూ అవతలివాళ్ళు గోలు కొట్టలేరు. పైగా, ఎత్తు లేరని పెద్ద క్లబ్‌లు వదిలేసిన నైపుణ్యమున్న కుర్రాళ్ళు చవగ్గా దొరుకుతారు. డబ్బు లేని ఊరికి అది సరిపోయే ఆట. 2008లో రెండో డివిజన్‌కి ఎక్కారు. 2009లో మార్టినెజ్‌ని విగన్ ఎగరేసుకుపోయింది.

ఇక్కడే నాకు ఆసక్తి కలిగింది. మామూలుగా ఏమవుతుంది? కొత్తాయన వస్తాడు, పాతాయన కొన్నవాళ్ళు పనికిరారంటాడు, తనవాళ్ళని తెచ్చుకుంటాడు, ఏడాదిలో ఆయన్నీ పంపేస్తారు. చైర్మన్ హ్యూ జెంకిన్స్ అలా చెయ్యలేదు. "మన ఆట ఇదీ, దీన్ని ఆడించగలిగేది ఎవరు?" అని వెతికాడు. పేరున్నవాడు ఎవరని కాదు, పక్క ఊళ్ళో గెలిచింది ఎవరని కాదు. ఉద్యోగానికి మనిషిని వెతికే ముందు ఉద్యోగం ఏమిటో రాసుకోవడం అన్నమాట. వినడానికి ఎంత తేలికో చూడండి. మన సంఘాల్లో ఎన్నిసార్లు జరిగిందో కూడా ఒకసారి ఆలోచించండి!

వచ్చినవాడు పోర్చుగల్ మనిషి పావులో సౌసా. బంతి నేల మీదే ఉంది కానీ మనసంతా కాపలా మీద పెట్టాడు. 46 మ్యాచుల్లో కొట్టింది 40 గోల్స్, ఇచ్చుకుంది 37. ప్లేఆఫ్‌కి ఒక్క పాయింట్ దూరంలో ఏడో స్థానంలో ఆగిపోయారు. ఆ ఏడాది స్టేడియంలో కునుకు తీశానని తాతకీ ఇప్పటికీ అంటారు. నేను మాత్రం సౌసా పక్షమే. ఆయన లేకపోతే ఆ జట్టుకి వెన్నెముక గట్టిపడేది కాదు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ వెన్నెముక మీదే గంతులేశారు.

2010లో సౌసా లెస్టర్ వెళ్ళాడు. వచ్చినవాడు బ్రెండన్ రాడ్జర్స్. అంతకు ఏడు నెలల ముందే రెడింగ్ క్లబ్ తీసేసిన మనిషి. ఊళ్ళోవాళ్ళు పెదవి విరిచారు. కానీ స్పెయిన్, హాలండ్ తిరిగి అక్కడివాళ్ళు ఎలా నేర్పుతారో చూసివచ్చినవాడు. సౌసా దగ్గర లేని వేగం తెచ్చాడు. మైదానం అంచుల్లో స్కాట్ సింక్లెయిర్, నేథన్ డయర్ పరిగెట్టారు. బంతి పోతే వెంటనే మీదపడి లాక్కోవడం నేర్పాడు. 2011 మేలో వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్. ఎదురుగా అదే రెడింగ్. సింక్లెయిర్ మూడు కొట్టాడు, 4-2. వేల్స్ నుంచి ప్రీమియర్ లీగ్‌కి ఎక్కిన మొదటి క్లబ్ అయింది స్వాన్సీ.

ఎక్కాక మొదటి మ్యాచ్ మాంచెస్టర్ సిటీతో, 0-4. మొదటి నాలుగు మ్యాచుల్లో ఒక్క గోలు లేదు. ఇప్పుడైనా గోల్‌కీపర్‌ని పొడుగ్గా తన్నమనండి అని టీవీల్లో సలహాలు. వినలేదు. ఐదో మ్యాచ్‌లో వెస్ట్ బ్రామ్‌విచ్ మీద 3-0. ఏడాది చివరికి పదకొండో స్థానం. పాసులు తప్పకుండా ఇవ్వడంలో బార్సిలోనా జావితో మన పొట్టి బ్రిటన్‌ని పోల్చి రాశారు పత్రికలవాళ్ళు. 2010లో జీతం కోసమో ఏమో షెఫీల్డ్ వెళ్ళి, సీజన్ తిరక్కుండానే వెనక్కి వచ్చేశాడట. అక్కడ బంతి తన తల మీదుగా వెళ్ళిపోతుంటే పాపం ఏం చేస్తాడు?

2012లో రాడ్జర్స్‌ని లివర్‌పూల్ తీసుకెళ్ళింది. జో అలెన్ కూడా వెనకాలే వెళ్ళాడు. ఈసారి జెంకిన్స్ తెచ్చింది మైకేల్ లాడ్రప్‌ని, అంటే బార్సిలోనాలో యోహాన్ క్రైఫ్ దగ్గర ఆడినవాణ్ణి. తరగతి అదే, పాఠం మాత్రం కొంచెం వేరు. ఆటగాళ్ళకి స్వేచ్ఛ ఎక్కువిచ్చాడు, ముందుకి త్వరగా ఆడించాడు. స్పెయిన్ నుంచి మీచూ అనే అతన్ని 20 లక్షల పౌండ్లకి కొన్నాడు, ఆ సీజన్లో అన్ని పోటీల్లో కలిపి 22 గోల్స్! లీగ్‌లో తొమ్మిదో స్థానం, నేను చెప్పిన కప్పు.

నేను చదివింది బయోకెమిస్ట్రీ. ఇవన్నీ వింటుంటే ఎర్ర రక్తకణాలు గుర్తొచ్చాయి. ఒక్కో కణం బతికేది సుమారు 120 రోజులు (కొందరు మేనేజర్ల కంటే నయం). నాలుగు నెలల కిందట మన ఒంట్లో తిరిగిన కణాలు ఇవాళ దాదాపు లేవు. అయినా రక్తం గ్రూపు మారదు. ఎందుకంటే వాటిని తయారుచేసే ఎముక మజ్జ మారదు. స్వాన్సీకి మజ్జ ఏదీ అని తాతకీని అడిగాను. చైర్మనా? "సగం" అన్నారు. మిగతా సగం బ్రిటన్, స్పెయిన్ కింది లీగుల నుంచి వచ్చిన ఆంకెల్ రాంకెల్, స్టాక్‌పోర్ట్ నుంచి వచ్చిన యాష్లీ విలియమ్స్, 2004 నుంచీ ఉన్న గ్యారీ మంక్. కొత్త మేనేజర్ మొదటి రోజు ట్రైనింగ్‌కి వస్తే ఆట ఎలా ఆడతారో చూపించేది వీళ్ళే. కొత్తగా కొన్న కుర్రాడు బంతి గాల్లోకి లేపితే పక్కవాడు చూసే చూపు చాలదూ? ఇది ఏ కాగితం మీదా రాసి ఉండదు.

మంచి కథలా ఇక్కడే ఆపేస్తే బాగుండేది. ఆపనివ్వలేదు ఆయన.

2014 ఫిబ్రవరిలో లాడ్రప్‌ని తీసేశారు. ఆటగాడు మంక్ మేనేజర్ అయ్యాడు. ఇంటివాడే, ఆట తెలిసినవాడే. 2014-15లో ఎనిమిదో స్థానం, 56 పాయింట్లు, ప్రీమియర్ లీగ్‌లో క్లబ్‌కి అప్పటిదాకా అదే అత్యధికం. కానీ పల్చబడడం అప్పుడే మొదలైందంటారు తాతకీ. అవసరమైతే పొడుగ్గా తన్నొచ్చు అన్నారు, గెలిచారు. గెలుస్తున్నప్పుడు ఎవరు అడుగుతారు? బెన్ డేవిస్ వెళ్ళాడు, గోల్‌కీపర్ వోర్మ్ వెళ్ళాడు, మీచూ వెళ్ళాడు, తర్వాత విలియమ్స్. వచ్చినవాళ్ళు చెడ్డ ఆటగాళ్ళు కారు, వేరే ఆటకి తయారైనవాళ్ళు. 2015 డిసెంబర్లో మంక్‌ని పంపాక వెతుకులాట ప్రశ్నే మారిపోయింది. "మన ఆట ఆడించేదెవరు" పోయి "ఈ ఏడాది గట్టెక్కించేదెవరు" అయింది. ఇటలీ నుంచి గ్విడోలిన్, అమెరికా నుంచి బాబ్ బ్రాడ్లీ, తర్వాత పాల్ క్లెమెంట్, ఆపైన కార్వల్హాల్. బ్రాడ్లీకి ఇచ్చింది పదకొండు మ్యాచులు. ఈ మధ్యలోనే, 2016లో, క్లబ్‌లో పెద్దవాటా అమెరికన్ల చేతికి వెళ్ళింది. 2018 మేలో ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయారు. బ్రిటన్, రాంకెల్ కూడా ఆ ఏడే సెలవు తీసుకున్నారు.

చిత్రమేమిటంటే అక్కడ అదే జెంకిన్స్ 2019 దాకా చైర్మన్‌గా ఉన్నాడు. అంటే మజ్జ అక్కడే ఉంది, రక్తం మారింది. నా బయోకెమిస్ట్రీ ఇక్కడ పనిచెయ్యలేదు. భయం వేస్తే అదే మనిషి వేరే ప్రశ్న అడుగుతాడని ఏ పాఠ్యపుస్తకంలో ఉంటుంది?

దిగిపోయాక ఒక్క ఏడాది గ్రాహమ్ పాటర్ వచ్చి బంతిని మళ్ళీ నేల మీదకి దించాడు. అతన్ని బ్రైటన్ తీసుకుపోయింది. పాటర్ వెళ్ళిపోతే బ్రైటన్ డి జెర్బీని తెచ్చింది, ఆయన వెళ్ళాక 31 ఏళ్ళ హుర్జెలర్‌ని. ముగ్గురూ ముగ్గురే, కానీ బంతిని వెనక నుంచి కట్టుకుంటూ రావడం మారలేదు. ఆ మాట చెప్పేటప్పుడు తాతకీ మొహం చూడాల్సింది. పెంచిన పిల్లని మేనమామ ఇంట్లో చూసినట్టు.

మరి నా క్లాసు? ఆవిడకి ఇవ్వడానికి ఆరు పేజీల నోట్సు రాసుకున్నాను. ఏ వారం ఏ కథ, ఏ ఆట, అన్నీ. అది చదివి తాతకీ నవ్వారు. "సౌసాకి ఎవరైనా ఇలా రాసిచ్చి ఉంటే ఆ మర్నాడే వెళ్ళిపోయేవాడు" అన్నారు. నాకు కోపమొచ్చింది, నిజం చెప్తున్నా. ఆరేళ్ళ పని మరి. రెండు రోజులయ్యాక చింపలేదు కానీ అర పేజీకి తగ్గించాను. మొదటి ఏడాది పలక వద్దు, క్లాసులో ఇంగ్లీషు వద్దు, ప్రతి పిల్లా వారానికోసారి ఊరికి ఫోన్ చెయ్యాలి. మిగతాది ఆవిడ ఇష్టం.

ఇంకో పని చేశాను. మొదటి నలుగురు పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు పదమూడేళ్ళ వాళ్ళు. మానేద్దామనుకుంటున్నారు, ఆదివారం వాళ్ళకి వేరే పనులు. వాళ్ళ అమ్మలతో కాకుండా వాళ్ళతోనే మాట్లాడాను. చిన్నపిల్లలకి కూరగాయల కొట్టు ఆట మీరు ఆడించాలి, దొండకాయ ఏదో బెండకాయ ఏదో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు అన్నాను. ఒకడు ఒప్పుకున్నాడు. రెండో పిల్ల ఆలోచిస్తానంది.

ఆవిడకి ఫోన్ చేసి అర పేజీ చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొదటి ఏడాది పద్యాలు నోటికి నేర్పొచ్చాండీ? అక్షరం అక్కర్లేదుగా వాటికి" అన్నారు. ఆరేళ్ళలో నాకు తట్టని సంగతి. నేర్పండి అన్నాను.

వచ్చే ఆదివారం ఆవిడ మొదటి క్లాసు. నేను వెనక బల్ల మీద కూర్చుంటాను. మధ్యలో నోరు విప్పకూడదని మా ఆయన ఇప్పటికి రెండుసార్లు చెప్పారు.