60 నిండినవారు, 65 దాకా వేచియుండవలసినవారు

తెలుగు సంవత్సరాలకు 60 పేర్లు ఉన్నవి. ఆ పేర్లు ఒక చుట్టు తిరిగి, మనిషి పుట్టిన సంవత్సరం పేరు మరల వచ్చినప్పుడు మన పెద్దలు షష్టిపూర్తి చేసేవారు. 2025 ఉగాదితో ప్రవేశించినది విశ్వావసు నామ సంవత్సరం. 1965 ఉగాదికి వచ్చినదీ విశ్వావసే. ఆ సంవత్సరం పుట్టినవారే ఇప్పుడు మారిషస్‌లో ఒక గీతకు ఇటూ అటూ నిలిచియున్నారు.

2025 జూన్‌లో ప్రధానమంత్రి నవీన్ రామ్‌గూలాం ప్రభుత్వం తన బడ్జెటులో వృద్ధాప్య పింఛను వయస్సును 60 నుండి క్రమక్రమంగా 65కు పెంచుచున్నట్లు తెలిపినది. ఈ మార్పు సెప్టెంబరు నుండి మొదలగునని చెప్పినది. వెంటనే కార్మిక సంఘాలు వీధులకెక్కినవి. ఆదాయం తక్కువైనవారికి వేరుగా సహాయం ఇచ్చెదమని ప్రభుత్వం తరువాత ప్రకటించినది.

ఈ పింఛను మన దేశంలో 1950లో బీదవారి కొరకు మొదలైనది. 1958లో అందరికీ విస్తరించినది. 2004లో ధనికులకు ఆపవలెనని ఒక ప్రయత్నం జరిగినది. మరుసటి సంవత్సరం ఎన్నికలలో ప్రభుత్వం మారిన పిమ్మట అది రద్దయినది. రద్దు చేసినది కూడ నవీన్ రామ్‌గూలాం గారే. కాలం ఎట్లు తిరుగునో చూడండి.

ప్రభుత్వపు వాదన తప్పు అని నేను అనలేను. 1960ల మొదట మన స్త్రీలకు సగటున ఆరుగురు బిడ్డలు. తిత్మస్ అనే ఆంగ్ల పండితుడు 1961లో ప్రచురితమైన తన నివేదికలో ఈ చిన్న ద్వీపం జనంతో నిండిపోవునని భయపడినాడు. నేడు సగటున ఇద్దరు బిడ్డలు కూడ లేరు. చదువుకొన్న పిల్లలు కెనడాకు, ఆస్ట్రేలియాకు పోవుచున్నారు. ఉద్యోగ విరమణ వయస్సు 2008 నుండి పది సంవత్సరాలలో 65కు చేరినది. కాబట్టి 60 ఏళ్ళకు జీతమూ పింఛనూ రెండూ పుచ్చుకొనేవారు ఉండిరి. నేనూ కొంతకాలం అట్లే పుచ్చుకొన్నాను. నాకు పింఛను వచ్చుచున్నది గనుక నేను నిశ్చింతగా మాట్లాడుట సులభము.

కాని 60 ఏళ్ళు అందరికీ ఒకే 60 కావు. కార్యాలయంలో కూర్చొని పనిచేసినవాని 60 వేరు. తబ్లిస్మాన్‌లో, అనగా చెరకు తోటలో, తెల్లవారక ముందే కత్తి పట్టి వెళ్ళినవాని 60 వేరు. ఐరోపా వారు మన చక్కెరకు ఇచ్చే ధర తగ్గించిన తరువాత తోటలు, మిల్లులు కుదించుకొనిపోయినవి. 2001లోను, 2007లోను స్వచ్ఛంద విరమణ పేర వేలమంది కూలీలు కొంత సొమ్ము, చిన్న స్థలం తీసుకొని పని విడిచినారు. తరువాత వారిలో చాలమంది ఇండ్లు ఊడ్చి, తాపీ పని చేసి కాలం గడిపినారు. వారికి 60 అనునది దూరముగా కనబడే ఒడ్డు. ఈదుచున్నవారికి ఆ ఒడ్డును ఇప్పుడు వెనుకకు జరిపినారు.

మా మందిరానికి వచ్చే ఒక చెల్లెమ్మ 1965 చివర పుట్టినది. చెరకు కొట్టినది, తరువాత పరుల ఇండ్లలో వంట చేసినది. జీతపు చీటీ ఎన్నడూ చూడలేదు. “అన్నయ్యా, నా మోకాళ్ళకు ఈ చట్టం చదివి వినిపించు” అని నాతో అన్నది. నాకు జవాబు తోచలేదు.

మన ఇండ్లలో పింఛను ధనం మాత్రమే కాదు. మామ్మ పేర ఉన్న మొదటి బ్యాంకు పుస్తకం అదే. మనుమని ట్యూషనుకు, కోడలి కరెంటు బిల్లుకు ఆమె చేయి చాచినవారికి ఇచ్చును గాని తాను చేయి చాచదు. ఇంటిలో ఆమె మాటకు బరువు దానివలన కూడ వచ్చినది. ఈ సంగతి చెప్పుకొనుటకు మనకు కొంచెం సిగ్గు, అయినా నిజమే. తెలుగు నేర్చుకొనుచున్న పిల్లలారా, వృద్ధి, వృద్ధుడు అనునవి ఒకే ధాతువు నుండి పుట్టినవి: పెరుగుట అని అర్థము. సమాజము మాత్రం వృద్ధుడనగానే తగ్గిపోయినవాడని తలచును.

మా కమిటీ కూడ ఇందులో నిర్దోషి కాదు. ఏటేటా పెద్దలకు శాలువ కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టుచున్నాము. అదే రోజు వెనుక వంటశాలలో ప్రసాదం గరిటె తిప్పేవారు కూడ 65 దాటినవారే. సింహాద్రి అప్పన్న పూజ క్రమం, రామభజన పాటలు తెలిసినవారూ వారే. వారు ఏ పనికి ఓర్చగలరో, ఏ పనికి ఓర్వలేరో మేము ఎన్నడూ అడుగలేదు.

ప్రస్తుతానికి మేము చేసినది చిన్న పని. ప్రతి శనివారం పూజ ముగిసిన తరువాత ఇద్దరము మందిరపు వసారాలో కూర్చొని, ఆదాయ సహాయం కోరేవారి కాగితాలు చూచి నింపిపెట్టుచున్నాము. చెల్లెమ్మ కాగితాలు కిందటి వారం పంపినాము. వచ్చేవారు గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకం తెచ్చుకొనవలెను. కళ్ళద్దాలు మరువకండి.