ఊరూ పేరూ లేని సముద్రాలు

ఏ పాటల యాప్‌లోనైనా సముద్రపు హోరు కోసం వెతికితే వందల ట్రాకులు వచ్చిపడతాయి. నిద్రకు కొన్ని, ధ్యానానికి కొన్ని, చదువుకునే పిల్లలకు కొన్ని. అడుగున సింథసైజర్ మీద పట్టి ఉంచిన రెండు మూడు స్వరాలు, పైన కెరటాల చప్పుడు. అది ఏ తీరం, ఏ కాలం, సముద్రం పోటు మీద ఉందా పాటు మీద ఉందా, అక్కడ మైకు పట్టుకుని నిలబడింది ఎవరు అంటే జవాబు దొరకదు. యాంబియంట్ పేరుతో చలామణీ అవుతున్న ఈ నిదానపు ఎలక్ట్రానిక్ సంగీతంలో కొత్తగా విడుదలవుతున్నవి చాలావరకు ఈ కోవలోవే. ఈ సంగీతమంటే ఇష్టం కాబట్టే గట్టిగా చెప్పాలనిపిస్తోంది: తాను ఎక్కడ నిలబడి ఉందో తెలిసిన ఆల్బమే నిలుస్తుంది. మిగిలినవి ఎంత కమ్మగా ఉన్నా వాటిలో రెండోసారి వినడానికి ఏమీ ఉండదు.

శ్రోతల అభిరుచి దిగజారడం వల్ల వచ్చిన తెగులు కాదిది, డబ్బు లెక్క. స్పాటిఫైలో ఒక ట్రాకు 30 సెకన్లు మోగితే విన్నట్టే జమ. రాత్రంతా మోగే జాబితాలో చిన్న చిన్న ముక్కలు ఎన్ని పేరిస్తే అన్ని జమలు. నిద్రపోయిన మనిషి ట్రాకు మార్చడు. వానమోత, గాలిహోరు లాంటి ట్రాకులకు కనీసం 2 నిమిషాల నిడివి ఉండాలని 2024 నుంచి ఆ సంస్థే నిబంధన పెట్టాల్సి వచ్చింది. అంతకుముందే, 2022లో, స్వీడన్ పత్రిక దాగెన్స్ నీహెటర్ ఆరా తీస్తే స్పాటిఫైలోని 500కు పైగా కళాకారుల పేర్ల వెనక ఉన్నది 20 మంది దాకా స్వరకర్తలేనని తేలింది. ఇప్పుడు ఆ 20 మందితో కూడా పని ఉండదేమో. తమకు రోజూ చేరే కొత్త ట్రాకుల్లో 18 శాతం, అంటే 20,000కు పైగా, పూర్తిగా కృత్రిమ మేధ తయారుచేసినవేనని ఫ్రాన్సుకు చెందిన పాటల యాప్ డీజర్ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. మాటలు లేని, తాళం లేని, మొదలూ చివరా పట్టింపు లేని సంగీతాన్ని యంత్రం చేత చేయించడం అన్నిటికన్నా తేలిక. ఊరూ పేరూ లేకపోవడం ఈ సరుకులో లోపం కాదు, సరిగ్గా అందుకే అది చవగ్గా తయారవుతోంది.

నిజమైన తీరంలో ఏం వినబడుతుందో ఒక్కసారి విడదీసి చూద్దాం. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి బంగాళాఖాతంలో కలిసేచోట ఉండేది ఒకే హోరు కాదు. కెరటం విరిగినప్పటి మోత ఒకటి. అది వెనక్కి లాగేటప్పుడు ఇసుక మీద జారే సన్నటి చప్పుడు ఇంకొకటి. ఏటివైపు ఒడ్డుకు నీళ్లు తాకే చిన్న చిన్న దెబ్బలు వేరు, వాటి నడక వేరు. పోటు మీద సముద్రం ఏట్లోకి ఎదురొస్తుంది, పాటు మీద ఏరు సముద్రాన్ని నెట్టుకుంటూ పోతుంది. కాబట్టి పొద్దుట విన్న సంగమం మధ్యాహ్నానికి ఉండదు. వీటి మీద సరుగుడు తోటల గాలి, పల్లిపాలెం పడవల ఇంజన్ల దడదడ, పైకి వెళ్తే సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు మోత. మాఘమాసంలో స్వామివారి కల్యాణం రోజుల్లో వీటన్నిటినీ మింగేసే జనఘోష, మైకుల్లో పిలుపులు. నిద్ర ట్రాకులు చేసేవాళ్లు ముందుగా కోసిపారేసేది ఈ ఇంజన్లనూ మైకులనూ మనుషుల గొంతులనూ. మనుషులను తీసేసిన సముద్రం స్వచ్ఛమైన సముద్రం కాదు, అబద్ధపు సముద్రం.

ఇది నా చాదస్తం కాదనడానికి ఈ సంగీత చరిత్రలోనే దాఖలాలున్నాయి. ఫ్రెంచి స్వరకర్త లూక్ ఫెరారీ 1970లో విడుదల చేసిన ‘ప్రెస్క్ రియాఁ’లో క్రొయేషియాలోని వెలా లూకా అనే రేవు ఊరు తెల్లవారుతుంది. పడవ ఇంజన్లు, మాటలు, పురుగుల రొద, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. కోతలూ కూర్పులూ ఎక్కడ జరిగాయో చెవికి తెలియదు. యాంబియంట్‌కు ఆ పేరు పెట్టిన బ్రయాన్ ఈనో 1982లో ‘ఆన్ లాండ్’ చేశాడు. కప్పలు, కాకులు, పురుగుల రికార్డింగులతో పాటు రాళ్లు, కర్రలు, గొలుసు ముక్కల చప్పుళ్లను సింథసైజర్‌తో కలిపాడు. అందులో ఒక ట్రాకు తన సొంత జిల్లాలోని డన్విచ్ తీరం పేరు మీద ఉంది. డన్విచ్ ఒకప్పటి పెద్ద ఓడరేవు, సముద్రం మింగేసిన ఊరు. ఆ సంగతి తెలిసి వింటే అడుగున కదిలే ఆ బరువు ఎక్కడిదో అర్థమవుతుంది. అదే ఈనో 2025 జూన్‌లో కళాకారిణి బీటీ వుల్ఫ్‌తో కలిసి ‘లాటరల్’ తెచ్చాడు. గంట పైచిలుకు నిడివి, ఎనిమిది భాగాలు, ఎక్కడా కరుకుదనం లేదు. కానీ ‘పెద్ద ఖాళీ దేశం’ అని పేరు పెట్టుకున్న ఆ రచనలో దేశం కన్నా ఖాళీయే ఎక్కువ. చోటుతో పనేమిటి, 1978 నాటి ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’లో ఏ ఊరుంది అని అడగవచ్చు. అందులో విమానాశ్రయం ఉంది. ప్రయాణికుల బెదురునూ మధ్యలో వచ్చే ప్రకటనలనూ లెక్కలో పెట్టుకుని చేసిన పని అది.

ఇదంతా పాశ్చాత్యుల వ్యవహారం, మనకెందుకు అనేవాళ్లకు అహమ్మదాబాదు చూపించాలి. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టించాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా లాంటివాళ్లు 1972 దాకా అక్కడ పనిచేశారు. అటకెక్కిన ఆ టేపులను కళాకారుడు పాల్ పర్గస్ వెలికి తీస్తే 2023లో ‘ద ఎన్‌ఐడీ టేప్స్’గా వచ్చాయి. ఈమధ్య నేను విన్నవాటిలో అన్నిటికన్నా కొత్తగా అనిపించింది అర్ధశతాబ్దం నాటి ఈ రికార్డే. ఇక సంగీతకారిణి అరుషి జైన్ 2021 ఆల్బమ్ ‘అండర్ ద లైలాక్ స్కై’ని సూర్యాస్తమయ వేళ కోసం చేసింది, 2024 నాటి ‘డిలైట్’ను రాత్రి రాగమైన బాగేశ్రీ మీద కట్టింది. ఆమె సంగీతంలో ఊరు వినబడదు, నిజమే. వేళ వినబడుతుంది. రాగానికి వేళ ఉందని నమ్మే దేశంలో అది చోటు చెప్పడంతో సమానమే.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. రోజంతా ఒళ్లు హూనమైన మనిషి ఫోన్లో కెరటాల చప్పుడు పెట్టుకుని నిద్రపోతే తప్పేమిటి? తప్పేమీ లేదు. పైగా మన ఊళ్లలో ఎలక్ట్రానిక్ సంగీతమంటే ఊరేగింపు డీజే. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా డీజే బాక్సుల ముందు ఆ అంకె నిలవదు. ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాదు పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించేదాకా వచ్చింది. అలాంటి మోత మధ్య మెత్తటి చప్పుడు కోరుకోవడం న్యాయమే. అయితే చెవికి విశ్రాంతినివ్వడం, చెవికి పని లేకుండా చేయడం ఒకటి కాదు. కొన్ని వందల హెర్ట్జ్‌ల కిందున్న శబ్దాన్ని ఫోన్ స్పీకర్ దాదాపు పలికించలేదు, అంటే కెరటం విరిగే మోత పోయి పైనున్న సుయ్యిమనేదే మిగులుతుంది. దాన్నే సముద్రమని అలవాటు పడితే, తీరంలో పుట్టిన పిల్లలకైనా అసలు మోత ఎలా ఉంటుందో అక్కర్లేని సంగతి అయిపోతుంది.

మన తీరాల అసలు మోతను పట్టి ఉంచే పని ఇప్పుడే జరగాలనడానికి ఇంకో కారణం ఉంది. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపేయడంతో గోదావరి డెల్టా తీరం చాలాచోట్ల కోతకు గురవుతోంది. గట్టు జరిగితే కెరటం విరిగే చోటూ జరుగుతుంది, శబ్దమూ మారుతుంది. చేతిలో ఇమిడే మంచి రికార్డరు ఇప్పుడు ఓ మాదిరి ఫోన్ ధరకే దొరుకుతోంది. సింథసైజర్ పట్టిన తెలుగు కుర్రాళ్లు బెర్లిన్ స్టూడియోల సాఫ్ట్‌వేర్‌లో ముందే నింపి ఇచ్చిన కెరటాలను వాడే బదులు అంతర్వేదిలో పోటూ పాటూ రెండూ, ఇంజన్లతో సహా, పట్టుకుని వాటి మీద కట్టాలి. అట్ట మీద తేదీ, ఊరి పేరు వేయాలి. వినబడే పడవల వాళ్లను ముందే అడగాలి. వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లూ వేసి, వచ్చే డబ్బులో వాటా ఇవ్వాలి.