హౌజు నీటిలో పాచి

మస్జిద్ హౌజులో నీరు పచ్చబడినప్పుడల్లా పాఠకులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: ఆ నీటితో వుజూ నెరవేరుతుందా? నెరవేరుతుంది. పాచి అపవిత్ర వస్తువు కాదు. చాలాకాలం నిలిచి ఉన్నందువల్ల గాని, నాచు వల్ల గాని రంగు మారినా, పలుచదనాన్ని కోల్పోనంత వరకు నీరు పవిత్రమైనదేనని ధర్మవేత్తలు స్పష్టం చేశారు.

అయితే పవిత్రత వేరు, పరిశుభ్రత వేరు. పాచి పట్టిన మెట్టుపై కాలు జారి ఒక వృద్ధుని తుంటి ఎముక విరిగితే, వుజూ చెల్లుతుందన్న ఫత్వా ఆయనను తిరిగి నిలబెట్టలేదు. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటని దైవప్రవక్త (సఅసం) బోధించారు. నమాజుకు వెళ్ళే దారిలో హౌజు మెట్టు కూడా ఉంది.

పాచి పెరగడానికి కావలసినవి మూడు: ఎండ, నిలిచిన నీరు, ఆహారం. రాలిన ఆకులు, పావురాల రెట్టలు, కాళ్ళ మట్టి దానికి ఆహారమవుతాయి. కనుక హౌజుపై నీడ ఏర్పరచాలి. ఆకులను ప్రతిదినం వలతో తీయాలి. చిన్న పంపుతో నీటిని కదిలిస్తూ ఉండాలి. పాదాలను హౌజులో ముంచక, బయట కుళాయి వద్ద కడుక్కోవాలి. వారానికొకసారి గోడలను, మెట్లను గట్టి బ్రష్షుతో రుద్దాలి.

నీరు అప్పటికే పచ్చబడి ఉంటే ముందుగా గోడలను రుద్ది పాచిని వదిలించాలి. లేనిచో మందు దాని లోపలికి చేరదు. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు, మూడడుగుల లోతు గల హౌజులో సుమారు 19,000 లీటర్ల నీరు పడుతుంది. దానికి దాదాపు 600 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు వేస్తే లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ అందుతుంది. పౌడరును బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైతేటను మాత్రమే హౌజులో పోయాలి. క్లోరిన్‌ను ఎండ త్వరగా హరిస్తుంది గనుక శుక్రవారం ఇషా తరువాత ఈ పని చేయడం మేలు. జుమా రద్దీ అప్పటికి ముగిసి ఉంటుంది. క్లోరిన్ 3 మిల్లీగ్రాములకు దిగే వరకు హౌజును మూసి, కుళాయిల వద్దనే వుజూ చేయించాలి. కొలవడానికి క్లోరోస్కోప్ చాలు. చచ్చిన పాచి తెల్లబారి అడుగుకు చేరుతుంది. దానిని తోడివేయకపోతే రేపటి పాచికి అదే ఎరువు.

మూడు జాగ్రత్తలు తప్పనిసరి. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో ఎన్నడూ కలపరాదు. ప్రాణాంతకమైన విషవాయువు వెలువడుతుంది. హౌజులో చేపలుంటే ముందుగా వేరొక తొట్టికి మార్చాలి. క్లోరిన్ వాటిని చంపుతుంది. పుక్కిలించే నీటిలో మైలుతుత్తం వేయరాదు.

ఇంటిలోని సిమెంటు తొట్టికి ఇంత శ్రమ అక్కరలేదు. నీటిని మొక్కలకు పోసి, తొట్టిని రుద్ది, ఎండబెట్టి, తిరిగి నింపి మూత పెడితే చాలు. వెలుతురు చొరని తొట్టిలో పాచి పెరగదు.

ఈ భారమంతా ఒక్క ముఅజ్జిన్ సాహెబ్‌పై మోపడం న్యాయం కాదు. ప్రతి గురువారం అసర్ తరువాత ఇద్దరు యువకులు బ్రష్షు పట్టుకొంటే అరగంట పని. మస్జిద్ కమిటీలు వంతులు నిర్ణయించి, ఆ పేర్లను హౌజు పక్కనే వ్రాసి ఉంచాలని కోరుతున్నాము. మరుసటి దినం జుమాకు వచ్చే పెద్దలు ఆ మెట్టుపై నిర్భయంగా కాలు పెట్టగలగాలి.