కార్డు ఉంది, కంటి డాక్టరు ఎక్కడ?

కోతల్లో వరి ఆకు గీరుకున్నా, నూర్పిడిలో గింజ ఎగిరి తగిలినా, కంప ముల్లు గుచ్చుకున్నా నల్లగుడ్డు మీద గాయమవుతుంది. అందులో బూజు చేరితే పుండు పడుతుంది. శుక్లాల ఆపరేషన్‌కు నెల రోజులు ఆగవచ్చు గానీ ఈ పుండు ఆగదు. ఆలస్యమైతే మచ్చ పడి చూపు పోతుంది. కాబట్టి రైతుకు కావలసింది దగ్గరలో కంటి డాక్టరు.

మన చేతిలో ఉన్నది మాత్రం కార్డు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా చికిత్స అంటోంది. పెద్ద ఆపరేషన్లకు ఇవి ఆదుకుంటున్నాయి, కాదనం. అయితే ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది, ఓపీకి వర్తించదు. కంటి పుండుకు మొదట కావలసింది ఓపీ పరీక్ష, గంటగంటకూ వేసే చుక్కల మందు. చూపు కాపాడుకోగలిగిన రోజుల్లో కార్డు జేబులోనే ఉండిపోతోంది.

ఇంకో చిక్కు ఉంది. ఆసుపత్రి జాబితాలో ఉన్నంత మాత్రాన అక్కడి కంటి విభాగం జాబితాలో ఉన్నట్టు కాదు. శుక్లాలకు వెళ్లేవారు బస్సెక్కే ముందే 104కు గానీ, ఆయుష్మాన్ భారత్ నంబరు 14555కు గానీ ఫోన్ చేసి అడగండి: కంటి చికిత్సకు కార్డు చెల్లే ఆసుపత్రి దగ్గరలో ఏది? మన ఆపరేషన్ జాబితాలో ఉందా?

దెబ్బ తగిలిన కన్నయితే కార్డు కోసం ఆగవద్దు. అదే రోజు దగ్గరి ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. ఆకు పసరు, చనుబాలు పోయవద్దు. డాక్టరు రాయని స్టెరాయిడ్ చుక్కలు బూజును ఇంకా పెంచుతాయి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి మూడు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో కంటి డాక్టరు రోజూ ఉండాలి. పొలం పనిలో తగిలిన కంటి గాయానికి పరీక్ష, మందులు ఉచితంగా ఇవ్వాలి. కంటికి కార్డు చెల్లే ఆసుపత్రుల పేర్లు ప్రతి సచివాలయం, రైతు సేవా కేంద్రం గోడ మీద రాయాలి. మొదటి రెండింటికి డబ్బు కావాలి, మూడోదానికి ఒక కాగితం చాలు. వచ్చే గ్రామసభలో ఆ కాగితం అడగడంతోనే మొదలుపెడదాం.