ఎక్సలేటర్ తొక్కితే ఆలోచనలో పడే కారు

ఈ సంక్రాంతికి కారేపల్లి వెళ్ళా. పేరులోనే కారు పెట్టుకున్న ఊరు కదా, నా చిన్న కారు పరువు సరిగ్గా అక్కడే పోయింది :)

తెలియనివాళ్ళకి ఒక ముక్క. ఖమ్మం జిల్లా సింగరేణి మండలానికి కేంద్రం ఈ కారేపల్లే. బొగ్గు కంపెనీకి పేరొచ్చింది ఆ సింగరేణి నుంచే. ఇల్లందు వైపు వెళ్తుంటే లారీలు తగులుతూనే ఉంటాయి. అలాంటి ఒక లారీ వెనక పడ్డాను, మధ్యలో డివైడర్ లేని చోట. పక్క సీట్లో అమ్మ. స్పీడు 50. ఎదురుగా ఖాళీగా కనబడితే కుడి వైపుకి తీసి ఎక్సలేటర్ గట్టిగా తొక్కా. కారు మాత్రం "సరే, చూద్దాం" అన్నట్టు ఉండిపోయింది. ఒక సెకను.. ఒకటిన్నర.. ఈలోపు మలుపులోంచి బస్సు! బ్రేకు కొట్టి మళ్ళీ లారీ వెనక్కే దూరాను. అమ్మ ఊరొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

ఒక్క సెకనే కదా అనేవాళ్ళకి చిన్న లెక్క. 50 కిలోమీటర్ల వేగంలో సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతాం. ఎదురొచ్చే బస్సు కూడా 50లో ఉంటే ఇద్దరి మధ్య దూరం సెకనుకి 28 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. కారు తీరిగ్గా ఆలోచించుకునే ఆ సెకను ఖరీదు అది.

సర్వీస్ సెంటర్లో అడిగితే ల్యాప్‌టాప్ తగిలించి చూసి, "ఎర్రర్ కోడ్ ఏం లేదు సార్, ఈ మోడల్ అంతే సార్" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ డైలాగు మాది! "ఇది బగ్ కాదు, ఫీచర్" అని టికెట్ మూసేసిన పాపం నా ఖాతాలోనూ ఉంది.

అసలు సంగతేంటంటే, పాత బళ్ళలో ఎక్సలేటర్ కింద ఒక వైరు ఉండేది. కాలు నొక్కితే వైరు లాగుతుంది, గాలి లోపలికి పోయే తలుపు తెరుచుకుంటుంది. అంతే, మధ్యవర్తి లేడు. ఇప్పటి కార్లలో పెడల్ దగ్గర సెన్సర్లుంటాయి. మీ కాలు ఎంత నొక్కిందో అవి కంప్యూటర్‌కి చెప్తాయి. ఆ తలుపు ఎంత తెరవాలో, ఎంత నెమ్మదిగా తెరవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. అంటే మనం తొక్కేది ఎక్సలేటర్ కాదు, పెట్టుకునేది అర్జీ!

ఆ నెమ్మది పూర్తిగా కుట్ర అని నేననను. తలుపు ఒక్కసారిగా తెరిస్తే గాలి, పెట్రోలు పాళ్ళు చెదురుతాయి. ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి అనే లెక్కకి దగ్గరగా ఉంటేనే సైలెన్సర్ దారిలో ఉండే కేటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలొచ్చాయి, పొగ తగ్గాలి, మంచిదే. ట్రాఫిక్‌లో కుదుపు లేకుండా ఉండటం కూడా మంచిదే.

కానీ ఒక్కటి చెప్పండి. కాస్త ఖరీదైన కార్లలో "ఎకో", "స్పోర్ట్" అని ఒక మీట ఉంటుంది చూశారా? అది నొక్కగానే అదే ఇంజను, అదే పెట్రోలు, ఒక్కసారిగా నిద్ర లేస్తుంది. ఆ కారూ అదే బీఎస్ 6 పరీక్ష పాసైందే కదా! అంటే ఈ మందకొడితనంలో కొంత ఇంజను చేతకానితనం కాదు, ఎవరో ఆఫీసులో కూర్చుని తీసుకున్న నిర్ణయం. మనమూ తక్కువ వాళ్ళం కాదు. కారు కొనేటప్పుడు "ఎంతిస్తుంది?" తప్ప రెండో ప్రశ్న అడగం. అడిగిందే ఇచ్చారు.

ఈ సందులో దూరిన ఇంకో వ్యాపారం, పెడల్ దగ్గర తగిలించే డబ్బాలు. "పవర్ పెరుగుతుంది" అని వేలకు వేలు గుంజుతారు. దయచేసి కొనకండి. ఆ డబ్బా చేసేదల్లా కంప్యూటర్‌కి అబద్ధం చెప్పడం. మీరు 30 శాతం తొక్కితే 60 అని చెప్తుంది. మీరు పూర్తిగా తొక్కితే? 100ని 100 కంటే పెంచలేదు కదా. ఒక్క హార్స్ పవర్ కూడా కొత్తగా రాదు. పైగా వారంటీ దగ్గర పేచీ.

దానికంటే ముందు ఒకటి తేల్చుకోండి. ఈ జబ్బు షోరూం నుంచే ఉందా, ఈమధ్య వచ్చిందా? ఈమధ్యే వస్తే అది ప్రోగ్రాం తప్పు కాదు, రిపేరు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, మన దుమ్ము రోడ్ల మీద తొందరగా మూసుకుపోతుంది. థ్రాటిల్ బాడీలో మసి పట్టిందేమో, ప్లగ్గులు అరిగాయేమో చూపించండి. ఇంజను అరుపు పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఏసీ వేసి ఉంటే 800, 1000 సీసీ ఇంజను మీద అదొక బరువు.

నా కారులో ఇవన్నీ బాగానే ఉన్నాయి. ఆ రాత్రి లారీలు నడిపిన మా బాబాయ్‌కి కథంతా చెప్పి కంపెనీని నాలుగు తిట్టాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఏ గేర్ల ఉన్నవ్ రా?"

"నాలుగు."

"మరి మూడు ఎవనికోసం దాచినవ్?"

ఏం చెప్పను! మర్నాడు అదే రోడ్డు మీద, లారీ వెనక ఉండగానే మూడో గేరుకి దించి, దారి ఖాళీ అయ్యేదాకా ఆగి, అప్పుడు బయటికి తీశాను. ఆ జాప్యం అలాగే ఉంది, కానీ దాన్ని సురక్షితంగా లారీ వెనకే ఖర్చు పెట్టేశాను. అనుమానంగా ఉంటే అసలు దాటలేదు.

అయినా కంపెనీలని వదలను. బాబాయ్ చెప్పింది నేను నేర్చుకోవాల్సిన పాఠం, వాళ్ళ తప్పుకి సంజాయిషీ కాదు. నా కాలికీ ఇంజనుకీ మధ్య ఒక ప్రోగ్రాం కూర్చుని ఉందని అమ్మేటప్పుడే చెప్పాలి. ఆ మీట ఏదో ఖరీదైన కార్లకే కాకుండా చిన్న కార్లకీ ఇవ్వాలి. లారీని దాటేటప్పుడు చిన్న కారు వాడి ప్రాణమేమీ చవక కాదు. మనం కూడా టెస్ట్ డ్రైవ్‌లో షోరూం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి రాకుండా, మూడో గేరులో 40 మీద ఒకసారి తొక్కి చూడాలి. "ఎంతిస్తుంది?" అని అడిగే నోటితోనే "ఎప్పుడిస్తుంది?" అని కూడా అడగాలి.

ఏమంటారు?