కొలనుకు దుప్పటి

న్యూజెర్సీలో సెప్టెంబరు దాటిందంటే పెరట్లోని ఈతకొలనుకు సెలవులే. నీళ్లు చల్లబడతాయి, చెట్లు ఆకులు రాల్చడం మొదలుపెడతాయి. అప్పుడు గరాజ్‌లోంచి ఓ పెద్ద మూట బయటికొస్తుంది. కొలను మీద ఆ చివర్నుంచి ఈ చివరికి లాగి బిగించే సేఫ్టీ కవర్ అది. మళ్లీ తీసేది ఏప్రిల్, మే నెలల్లోనే. మన ఊళ్ల నుంచి అమ్మమ్మలూ తాతయ్యలూ మనవల దగ్గరికి వెళ్లేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. అమ్మానాన్నలు ఆఫీసుకెళ్తే పిల్లల వెనక పరిగెత్తేది వాళ్లే కాబట్టి, ఈ కవర్ సంగతి వాళ్లకూ తెలిసుండాలి. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్లలో మునిగిపోవడమే మరి.

కవర్లన్నీ ఒకటి కావు. నీళ్లు వెచ్చబడటానికి పరిచే బుడగల షీటు ఊరికే తేలుతుందంతే. పసివాడు దానిమీద అడుగేస్తే షీటుతో పాటే లోపలికి జారిపోతాడు. పైనుంచి చూసేవాళ్లకు కనిపించనైనా కనిపించడు. సేఫ్టీ కవర్ అలా కాదు. దాని పట్టీల చివర ఉండే ఉక్కు స్ప్రింగులను గట్టులో దింపిన ఇత్తడి మరలకు తగిలిస్తారు. వెడల్పు ఎనిమిది అడుగులు దాటిన కొలనైతే 485 పౌండ్లు, అంటే సుమారు 220 కిలోలు మోయాలన్నది అక్కడి ప్రమాణం. పిల్లాడు పడ్డాడని ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లినా ఆగాలని ఆ లెక్క. ఓ కంపెనీ ఏకంగా ఏనుగునే నిలబెట్టి ప్రకటన ఇచ్చింది! అయితే ఆ బలమంతా పట్టీలు, స్ప్రింగులు సరిగ్గా ఉన్నప్పటి మాట.

వల రకం కవర్ వాననీటిని కిందికి వదిలేస్తుంది. నీరు దిగని రకానికి మాత్రం పైన చిన్న పంపు పెట్టాల్సిందే. లేదంటే వానకూ మంచుకూ కవర్ మీదే మడుగు కడుతుంది. పసిపిల్లలకు నాలుగంగుళాల నీళ్లు కూడా ప్రాణాంతకమే! పిల్లలున్న ఇంటికి వల రకమే మేలు. వసంతంలో నీళ్లు కాస్త పచ్చబడితే పడతాయి, శుభ్రం చేసుకోవచ్చు.

చలికాలమంతా దాన్ని పట్టించుకోనక్కర్లేదనుకుంటే పొరపాటే. ఆకులు తడిసి బరువెక్కకముందే మెత్తటి చీపురుతో ఊడ్చేయాలి. మంచును పారతో గీకితే కవర్ చిరుగుతుంది, దాని మానాన దాన్ని కరగనివ్వడమే మంచిది. కింద నీటిమట్టం కూడా చూస్తుండాలి. మంచు బరువుకు సాగిన కవర్‌కు ఆసరా ఆ నీళ్లే. కొలను కారిపోయి మట్టం బాగా దిగితే భారమంతా స్ప్రింగుల మీదే పడుతుంది. గట్టు రాళ్లకు ఒరుసుకునే చోట పట్టీలు అరుగుతాయి కాబట్టి అక్కడ మందపాటి పట్టీ ఒకటి అదనంగా వేస్తారు. చిన్న చిరుగుకు అతుకు చాలు. పట్టీయే తెగితే బాగుచేయించాకే మళ్లీ వాడాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది కవర్ తీసే రోజు. సగం స్ప్రింగులు విప్పేసి, ఫోనొచ్చిందని లోపలికెళ్తారు. చూసేవాళ్లకు కొలను మూసినట్టే ఉంటుంది. ఆ పూట పిల్లల్ని ఇంట్లోనే ఉంచి, మొదలుపెట్టిన పని ఒక్క ఊపులో ముగించాలి. తీశాక ఇక కాపలా కంచెదీ, దానంతటదే మూసుకునే గేటుదీ. ఫ్రాన్స్ అయితే 2003లో దీనిమీద చట్టమే చేసింది. భూమిలోకి తవ్వి కట్టిన సొంత కొలనుకు కంచె, కవర్, అలారం, గూడులాంటి పైకప్పు... వీటిలో ఏదో ఒకటి ఉండి తీరాలి. ఇంట్లో బుడిబుడి అడుగుల బుడతడుంటే ఒకటితో సరిపెట్టుకోకపోవడమే మంచిది.

విప్పిన కవర్‌ను మంచినీళ్లతో కడిగి, ఎండలో రెండువైపులా పూర్తిగా ఆరబెట్టాలి. తడిగా మడిస్తే బూజు పట్టి కంపుకొడుతుంది. విసనకర్ర మడతలా మడవడానికి ఇద్దరు కావాలి. గాలి ఆడే వల సంచిలో పెట్టి, గరాజ్‌లో ఎత్తుగా వేలాడదీస్తే ఎలుకలూ ఉడుతలూ గూడు కట్టవు. క్లోరిన్ డబ్బాల పక్కన మాత్రం పెట్టకూడదు, ఆ ఆవిరికి లోహం తుప్పు పడుతుంది. గట్టులోని ఇత్తడి మరలను పిల్లల పాదాలకు తగలకుండా కిందికి దించేయాలి. స్ప్రింగులు తగిలించే కడ్డీని కూడా ఆ సంచి పక్కనే వేలాడదీస్తే సెప్టెంబరులో వెతుక్కోనక్కర్లేదు.